ఊరి తిండి ఊళ్లోనే: ఆహార భద్రత సంఘం కట్టాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జహీరాబాద్ వైపు ఊళ్లలో మహిళా సంఘాలతో పనిచేసేవాళ్లకి ఫోన్లలో, మీటింగుల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే సందేహాలివి. మెట్ట ప్రాంతాన్ని, అంటే జొన్న, కంది, కొర్ర పండే నేలల్ని దృష్టిలో పెట్టుకుని రాశాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టకముందు

రేషన్‌లో సన్నబియ్యం ఫ్రీగా వస్తున్నాయి కదా, ఇంకా తిండి కోసం సంఘం ఎందుకు?

రేషన్ చాలా పెద్ద ఆసరా, అది వద్దని ఎవరూ అనడం లేదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకి 35 కిలోలు రావాలి, తెలంగాణలో మనిషికి 6 కిలోలు ఇస్తున్నారు. ఇప్పుడు మీ ఇంటి లెక్క వేసుకోండి. కూలికి పోయే నలుగురున్న ఇంట్లో రోజుకు కిలోన్నర గింజలు ఉడికితే నెలకు 45 కిలోలు కావాలి, వచ్చేది 24. మిగతాది కొనాలి, కూలి దొరకని రోజుల్లో అప్పు తెచ్చి కొనాలి.

ఇంకో సంగతి, బియ్యంతోనే ఒళ్లు నిలబడదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో మాంసం, గుడ్లు తినని మనిషి రోజుకు 85 గ్రాముల పప్పు తినాలని ఉంది. నలుగురికి నెలకు పది కిలోల పైమాట. బజారు ధరకి అంత పప్పు కొనే కూలి ఇల్లు నాకైతే కనిపించలేదు. ఆ పప్పు, ఆ జొన్న ఒకప్పుడు ఊరి చుట్టూ పండినవే, మళ్లీ పండించుకుని ఊళ్లోనే నిలవ పెట్టుకోవడం కోసమే సంఘం.

డ్వాక్రా గ్రూపులు ఉన్నాయి, గ్రామ సంఘం ఉంది. మళ్లీ కొత్తది పెడితే ఎవరు వస్తారు?

కొత్త పేరు, కొత్త రబ్బరు స్టాంపు అక్కర్లేదు. ఉన్న గ్రూపుల మీదే కట్టండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు పథకం నడిచిన రోజుల్లో గ్రామ సంఘాలు బియ్యం మొత్తంగా కొని సభ్యులకు అప్పు మీద ఇచ్చేవి. ఆ పని చేసిన అక్కలు చాలా ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లను వెతికి పట్టుకుంటే సగం పని తెలిసిన మనుషులు దొరికినట్టే.

కాకపోతే ఒక ఇబ్బంది ఉంది. పొదుపు గ్రూపులో అందరి ధ్యాసా బ్యాంకు లోను మీద, కిస్తీ మీద ఉంటుంది. గ్రూపులో చేరలేనంత పేదవాళ్లు, కిస్తీ కట్టలేక బయటికి వెళ్లిపోయినవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు అందులో కనబడరు. తిండి సంఘం ముందు చేర్చుకోవాల్సింది వాళ్లనే. అందుకని గ్రూపుల్ని ఆధారం చేసుకోండి, హద్దు మాత్రం చేసుకోవద్దు.

ఇలాంటిది ఎక్కడైనా నిజంగా నడిచిందా, లేక మాటలేనా?

నడిచింది, అదీ దూరమేం కాదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. సుమారు 75 ఊళ్లలో మహిళా సంఘాలు కట్టింది, వాటిలో ఎక్కువమంది దళిత మహిళలు. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు.

తిండి విషయంలో వాళ్లు చేసిన పెద్ద పని 1990ల నడుమ జరిగింది. పడావు పడ్డ పేదల చెలకల్ని బాగుచేసుకోవడానికి 30కి పైగా ఊళ్లలో రైతులకు పెట్టుబడి ఇచ్చారు. ఆ అప్పుని డబ్బుగా వసూలు చేయలేదు, కొన్నేళ్లపాటు జొన్నలుగా తీసుకున్నారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిలవ ఉంచి, తిండి కరువైన నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకి అమ్మారు. వచ్చిన డబ్బు మళ్లీ భూములకే పోయింది. భూమి సాగులోకి వచ్చింది, కూలి దొరికింది, పశువులకి చొప్ప దొరికింది, పొయ్యి మీదికి రొట్టె వచ్చింది. ఆ సంఘాలకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మాచ్‌నూరులో 2008 నుంచి వాళ్ల సంఘం రేడియో కూడా ఉంది. మీ ఊరికి ఇదంతా ఉన్నది ఉన్నట్టు దించుకోవాల్సిన పనిలేదు గానీ, పెట్టుబడి డబ్బుగా ఇచ్చి గింజగా తీసుకోవడం అనే పద్ధతిని మాత్రం వదలొద్దు.

ఏ నెలలో మొదలుపెడితే మంచిది?

ఉగాది దాటాక. ఎండాకాలంలో జనానికి కాస్త తీరిక ఉంటుంది, విత్తనాలు వెతకడానికి, చెలకలు చూసి రావడానికి మృగశిర కార్తె దాకా టైమ్ ఉంటుంది. వానాకాలం మధ్యలో మొదలుపెడితే అందరూ కలుపు పనుల్లో ఉంటారు, పైగా అవే ఇళ్లలో గింజలు అడుగంటే నెలలు. ఆషాఢ, శ్రావణాల్లో ఏ ఇంట్లో ఏం తిన్నారో మాత్రం రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాది ఎంత నిలవ కావాలో చెప్పేది ఆ రాతే.

## మనుషుల్ని కలిపేటప్పుడు

ఎవరెవరిని పిలవాలి? సర్పంచ్‌ని ముందే కలుపుకోవాలా?

మొదటి రెండు మూడు మీటింగులు పేద ఇళ్ల ఆడవాళ్లతోనే పెట్టండి, వాళ్ల వాడలోనే పెట్టండి. పంచాయతీ ఆఫీసులో కుర్చీలు వేసి పిలిస్తే వాళ్లు వస్తారు, గోడ పక్కన నిలబడతారు, ఒక్క మాట మాట్లాడరు. వాళ్లకు ఏం కావాలో తేలాక అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, స్కూల్లో వంటచేసే అక్కలు, విత్తనాలు దాచే ముసలి రైతులు, గొర్రెలు కాసేవాళ్లు, వీళ్లందరినీ ఒక్కొక్కరిని ఇంటికి వెళ్లి పిలవండి.

సర్పంచ్‌కి విషయం ముందే చెప్పాలి, చెప్పకుండా చేస్తే పోటీ పెట్టుకున్నట్టు అనుకుంటారు. సహకారం తీసుకోండి, గ్రామసభలో తీర్మానం అడగండి. అధ్యక్ష పదవి మాత్రం ఏ పార్టీ మనిషికీ ఇవ్వొద్దు. ఎలక్షన్ రాగానే సంఘం రెండు ముక్కలవుతుంది, గోదాము తాళం ఎవరి దగ్గర ఉండాలనే దాని మీద పోలీస్ స్టేషన్ దాకా పోతారు.

ఎవరు పేదో మేమెలా తేల్చాలి? లిస్టు రాస్తే గొడవలవుతాయి కదా!

గదిలో కూర్చుని నలుగురు రాస్తే తప్పకుండా అవుతాయి. అందుకే బయట, అందరి ముందు చేయాలి. జహీరాబాద్ ఊళ్లలో చేసిన తీరు ఇదీ: ఊరందరి ముందూ నేల మీద ముగ్గుతో ఊరి పటం గీస్తారు, వీధులు, బావి, గుడి, ప్రతి ఇల్లూ. ఆ తర్వాత ఒక్కో ఇంటి గురించి మాట్లాడుకుంటూ, ఎవరిది ఎంత కష్టమో రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి ఒక్కో రంగు పెడతారు. కొలతలు ఊరివాళ్లవే. భూమి ఎంత ఉందనేదొక్కటే చూడరు. ఎద్దులున్నాయా, సంపాదించే మగమనిషి ఉన్నాడా, ఆడపిల్లల పెళ్లి అప్పు ఉందా, ముసలివాళ్లని కొడుకులు చూస్తున్నారా, ఇవన్నీ వస్తాయి.

ఇందులో ఉన్న బలం అక్కడ కూర్చుంటే తెలుస్తుంది. ఎవరో ఉన్నవాళ్లు తమ ఇంటి మీద పేద రంగు పెట్టుకోబోతారు, వెనకనుంచి ఒకావిడ "వదినా, నీకు బోరు పడ్డది కదా, ఆ రంగు బాలమ్మ ఇంటికి పెట్టు" అంటుంది, ఆవిడ నవ్వుకుంటూ చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. ఆఫీసరు రాసిన లిస్టుని ఎవరైనా తప్పంటారు, పదిమంది కళ్లముందు తేలినదాన్ని తప్పనడం కష్టం. ఎక్కువ కష్టంలో ఉన్న ఇంటికి ఎక్కువ కిలోలు, తక్కువ కష్టానికి తక్కువ అని అక్కడే ఖాయం చేయండి. రెండేళ్లకోసారి మళ్లీ గీయాలి, ఇళ్ల పరిస్థితి మారుతుంటుంది.

పెద్ద రైతులు కలిసి రారు. వాళ్లు లేకుండా అవుతుందా?

గింజల నిలవకి వాళ్లు లేకపోయినా అవుతుంది. భూమి కౌలుకి, ట్రాక్టరుకి, ఖాళీగా ఉన్న గోదాముకి మాత్రం వాళ్లతో పని పడుతుంది. సంఘం గురించి ఉపన్యాసం చెబితే ఎవరూ కదలరు, ఒక్కటే పని అడగండి. "పటేలా, నీ ఎర్రచెలక నాలుగేండ్ల సంది పడావు ఉంది, మాకు కౌలుకియ్యి, గట్లు మేం సాఫ్ చేసుకుంటం" అని పదిమంది కలిసి వెళ్లి అడిగితే కొందరైనా ఒప్పుకుంటారు. ఒకరు ఇచ్చి, ఆ చెలక బాగుపడటం చూశాక పక్కవాళ్లూ ఇస్తారు. ఒప్పుకోనివాళ్లతో గొడవ పెట్టుకోవద్దు, కూలి రేట్ల మీద ఇప్పటికే ఉన్న మనస్పర్థలు సంఘం నెత్తిన పడతాయి.

మొదట్లో అందరూ వచ్చారు, ఇప్పుడు మీటింగుకి ఐదారుగురే వస్తున్నారు. ఏం చేయాలి?

మాటలకే పిలిస్తే జనం తగ్గిపోతారు, పని ఉంటే వస్తారు. విత్తనాలు పంచే రోజు, గింజలు తూచే రోజు, లెక్క చదివే రోజు, వీటికే మీటింగు పెట్టండి. రాత్రి ఎనిమిది తర్వాత పెట్టండి, వంట అయ్యాక ఆడవాళ్లు వస్తారు. ఇంకో కారణం కూడా చూసుకోవాలి: కింది వాడవాళ్లు రావడం మానేశారంటే మీటింగు జరిగే చోట వాళ్లని ఎవరో ఒక మాట అనుంటారు, లేదా మంచినీళ్ల గ్లాసు దగ్గర తేడా చూపించి ఉంటారు. అది ఎవరూ మీకు చెప్పరు. ఇంటికి వెళ్లి కూర్చుని అడగాలి, ఆ తేడా చూపించినవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా సంఘంలో నిలదీయాలి. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవడం ఉండకూడదు.

## గింజ, విత్తనం, భూమి

గింజల నిలవకి ఎంత ధాన్యం కావాలి? మా దగ్గర అంత ఎక్కడిది?

లెక్క అనుకున్నంత పెద్దదేం కాదు. బాగా కష్టంలో ఉన్న 30 ఇళ్లు, ఇంటికి నెలకు 20 కిలోల జొన్నలు, నాలుగు నెలలు: మొత్తం 2,400 కిలోలు, అంటే 24 క్వింటాళ్లు. సంఘం పెట్టుబడి సాయం చేసిన ఎకరానికి ఒక క్వింటాల్ చొప్పున తిరిగి తీసుకున్నా 24 ఎకరాలతో సరిపోతుంది. మొదటి ఏడాది అందులో సగమే పెట్టుకోండి. పది ఇళ్లకి నాలుగు నెలలు సరిగా ఇస్తే వచ్చే నమ్మకం, యాభై ఇళ్లకి ఒక నెల ఇచ్చి చేతులెత్తేస్తే పోతుంది.

నిలవ పెడితే పురుగు పడుతుందని భయం. ఎలా దాచాలి?

పురుగు సగం తేమతోనే వస్తుంది. జొన్న గింజను పళ్ల మధ్య పెట్టి కొరికితే టక్కుమని విరగాలి, మెత్తగా నలిగిందంటే ఇంకో రెండు రోజులు ఎండాలి. తేమ కొలిచే మెషిన్ దొరికితే 12 శాతం దాటకుండా చూసుకోండి. ఎండబెట్టిన వెంటనే వేడి మీద సంచుల్లో పోయకూడదు, రాత్రి చల్లారనిచ్చి పొద్దున నింపాలి. సంచుల కింద చెక్కలు వేయాలి, గోడకి అడుగు దూరం వదలాలి, పాత సంచులైతే ఉతికి బాగా ఎండబెట్టాకే వాడాలి. ముక్కపురుగు చాలావరకు పాత సంచి కుట్లలో దాక్కునే వస్తుంది.

విత్తనం గింజలకి మన పెద్దవాళ్ల పద్ధతి ఇప్పటికీ మంచిదే. వెదురు గంపకి పేడ, మట్టి కలిపి అలికి ఎండబెడతారు, అడుగున బూడిద, ఎండిన వేపాకు పరిచి, ఒక వరస విత్తనం, ఒక వరస బూడిద పోసుకుంటూ వచ్చి, మూతికి కూడా మట్టితో అలికేస్తారు. కందులకి ఎర్రమట్టి పట్టించి ఎండబెడతారు. చేయకూడనిది ఒకటుంది: షాపులో అమ్మే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీలు ఇళ్ల మధ్య ఉన్న గదిలో అస్సలు పెట్టొద్దు. వాటి నుంచి వచ్చే గ్యాస్ మనుషుల ప్రాణం తీస్తుంది, పక్క గదిలో పడుకున్నవాళ్లకి కూడా ప్రమాదమే.

పాత విత్తనాలు ఎక్కడ దొరుకుతాయి? మేం ఇచ్చిపుచ్చుకోవడం చట్టప్రకారం తప్పా?

తప్పు కాదు. 2001లో వచ్చిన మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టంలో 39వ సెక్షన్ రైతుకి తన విత్తనం దాచుకునే, మళ్లీ వేసుకునే, మార్చుకునే, అమ్ముకునే హక్కు ఇచ్చింది. బ్రాండ్ పేరు, లేబులు వేసి అమ్మకూడదు, అంతే.

దొరికే చోటు ముందు మీ ఊళ్లోనే వెతకండి. పండగకి ఒక సాలు కొర్రలు, పూజకి గుప్పెడు నువ్వులు వేసే ముసలమ్మలు ఉంటారు. జహీరాబాద్ వైపు సంక్రాంతి సమయంలో పాత పంటల జాతర జరుగుతుంది, ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చుకుని ఊరూరా తిరుగుతారు, ఒకసారి వెళ్లి చూడండి. తెచ్చుకున్నాక నియమం ఒక్కటే పెట్టుకోండి: శేరు తీసుకున్నవాళ్లు పంట వచ్చాక రెండు శేర్లు తిరిగివ్వాలి. ఒక్కో రకం కనీసం మూడు ఇళ్లలో ఉండాలి, ఒక ఇంట్లో పాడైతే ఇంకో ఇంట్లో మిగులుతుంది.

మాకు భూమే లేదు. మేం ఏం పండిస్తాం?

ఐదారుగురు ఆడవాళ్లు కలిసి రెండు మూడు ఎకరాలు కౌలుకి తీసుకోవడం బాగా పనిచేసే దారి. ఒక్కరికి ఎవరూ ఇవ్వని భూమి, సంఘం పూచీ మీద దొరుకుతుంది. కౌలు నోటిమాటగా వదిలేయొద్దు, ఎన్నేళ్లకో, ఎంతకో కాగితం మీద రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి. కనీసం మూడేళ్లు అడగండి. మొదటి ఏడాది రాళ్లు ఏరి, ఎరువు తోలితే రెండో ఏడాది భూమి బాగుపడుతుంది, అప్పుడే యజమాని వెనక్కి అడుగుతాడు, ఇది చాలా ఊళ్లలో ఉన్న బాధ.

ఇంతకుముందు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూములు మీ వాడలో ఎవరికైనా పడావు ఉన్నాయేమో చూడండి. పేదల చేతిలో ఉండీ సాగులో లేని ఆ చెలకలకే పెట్టుబడి సాయం ముందు వెళ్లాలి.

గింజలు తీసుకున్నవాళ్లు తిరిగి ఇవ్వకపోతే?

ముందు ఎందుకివ్వలేదో తెలుసుకోండి. వానలు లేక పంట పోతే వాయిదా వేయాలి, దానికి తీర్మానం రాయాలి, అది అందరికీ వర్తించాలి. పంట వచ్చి కూడా ఎగ్గొడితే ఆ వాడ సభ్యులే వెళ్లి అడగాలి, బయటినుంచి వచ్చిన మనం అడగకూడదు. కళ్లం దగ్గరే కొలిచి తీసుకోవడం అన్నిటికన్నా మేలు, గింజ ఇంట్లోకి వెళ్లి, షావుకారు దగ్గరికి వెళ్లాక అడిగితే ఏం మిగలదు. ఇంకోమాట, సంఘం నాయకురాలి బాకీ ఎప్పుడూ అందరికన్నా ముందు తీరాలి. ఆమె ఆలస్యం చేస్తే మిగతావాళ్లని అడిగే నోరు ఎవరికీ ఉండదు.

గింజలు సరే, కూరల సంగతేంటి?

మందులు కొట్టని చేలల్లో వానాకాలం వాటంతటవే మొలిచే ఆకుకూరలు చాలా ఉన్నాయి. గునుగు, దొగ్గలి, తుమ్మి, పొన్నగంటి, చెన్నంగి. మన అమ్మమ్మలు కలుపు తీస్తూ కొంగులో వేసుకుని తెచ్చి వండేవాళ్లు. గడ్డి మందు కొట్టిన చేలో ఇవి ఉండవు. అందుకే గడ్డి మందు ఆపడం కూడా తిండి సంఘం పనే అంటాను నేను. పిల్లలతో కలిసి ఒకరోజు గట్ల వెంట తిరిగి, ఏ కూర ఎప్పుడు దొరుకుతుందో పెద్దవాళ్లతో చెప్పించండి. పెరట్లో పుంటికూర, మునగ, బీర, చిక్కుడు ఉంటే రోజూ ఏదో ఒక కూర ఇంట్లోనే దొరుకుతుంది.

## డబ్బు, కాగితాలు

రిజిస్టర్ చేయించాలా? ఏ చట్టం కింద?

మొదటి పంట దాకా అక్కర్లేదు. ఒక మినిట్స్ పుస్తకం, ఒక గింజల లెక్క పుస్తకం, గోదాముకి రెండు తాళాలు, ఆ తాళంచెవులు రెండు వేర్వేరు వాడల అక్కల దగ్గర, ఇవి చాలు. పంట అమ్మకం, బ్యాంకు లోను దాకా వెళ్తే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం బాగుంటుంది, అందులో సర్కారు జోక్యం తక్కువ. రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి కనీసం పదిమంది రైతులు చాలుగానీ, ప్రతి ఏడూ ఆడిట్, ఫైలింగ్ ఖర్చులుంటాయి. వ్యాపారం పెద్దగా లేనప్పుడు ఆ టెన్షన్ నెత్తిన పెట్టుకోవద్దు.

అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లు డబ్బు పంపిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జాగ్రత్తగా తీసుకోవాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇచ్చే కార్డు) ఉన్నవాళ్లు పంపితే మాత్రం వస్తుంది, 2010 ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా సంఘం తీసుకోకూడదు. వాళ్లు మన పిల్లలే, ఊరి మీద ప్రేమతోనే ఇస్తారు, అయినా చట్టం చట్టమే. పంపేవాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో ముందే అడిగి కాపీ దాచుకోండి.

ఎవరు ఇచ్చినా సరే, ఆ డబ్బు పెట్టుబడిగా వెళ్లి గింజగా తిరిగి వచ్చేలా పెట్టండి. బియ్యం కొని పంచేస్తే ఒక్క సీజన్‌తో అయిపోతుంది.

## సర్కారుతో పని పడినప్పుడు

డీలర్ తూకం తక్కువ వేస్తున్నాడు. అడిగితే కార్డు తీసేయిస్తా అంటున్నాడు.

కార్డు తీసేయించే అధికారం డీలర్‌కి లేదు. ఒక్కరు అడిగితే బెదిరిస్తాడు, ఇరవైమంది సొంత తక్కెడతో వెళ్లి షాపు ముందే తూచుకుంటే ఊరుకుంటాడు. ఆ తర్వాత కూడా మారకపోతే ఎవరికి ఎంత తగ్గిందో తేదీలతో రాసి 1967 నంబరుకి ఫోన్ చేయండి, తహసీల్దార్‌కి కాగితం ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. ఆహార భద్రత చట్టంలోనే జిల్లా స్థాయిలో ఫిర్యాదుల అధికారి, పైన రాష్ట్ర ఆహార కమిషన్, ప్రతి షాపుకీ విజిలెన్స్ కమిటీ ఉండాలని రాసి ఉంది. మీ షాపు కమిటీలో ఎవరి పేర్లున్నాయో అడగండి, చాలాచోట్ల ఆ సభ్యులకే తాము సభ్యులమని తెలియదు.

చెరుకు కొట్టడానికి, ఇటుక బట్టీలకి వలసపోయిన ఇళ్లకి ఒకటి చెప్పండి: ఒకే దేశం ఒకే రేషన్ కార్డు కింద వెళ్లిన చోటే వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఊరొదిలేముందు ఆధార్, కార్డు లింకు సరిగా ఉందో లేదో సంఘమే చూసిపెట్టాలి.

మా జొన్నలు, పప్పులు అంగన్‌వాడీకి, స్కూలుకి ఇవ్వొచ్చా?

అంగన్‌వాడీకి సరుకు పైనుంచి వస్తుంది, అక్కడ టీచర్ చేతిలో పెద్దగా ఏం లేదు. స్కూల్లో వేరు. మధ్యాహ్న భోజనం వండే మహిళలే చాలాచోట్ల కూరగాయలు, పోపు సామాను సొంతంగా కొని తెచ్చి, తర్వాత బిల్లు పెట్టుకుంటారు. బిల్లులు ఆలస్యమై వాళ్లు అప్పుల్లో ఉంటారు. సంఘం వాళ్లకి కూరలు, ఆకుకూరలు బజారు రేటు కన్నా కాస్త తక్కువకి, బిల్లు వచ్చాక డబ్బిచ్చే పద్ధతిలో ఇస్తే రెండువైపులా మేలు, పిల్లల పళ్లెంలోకి తాజా కూర వస్తుంది. ఇచ్చినదంతా రాసి సంతకం తీసుకోండి.

రేషన్ షాపులోనే జొన్న, రాగి ఇవ్వాలనే డిమాండ్ కూడా గ్రామసభలో పెట్టండి. కర్ణాటకలో ఇస్తున్నారు. ఒడిశాలో 2017లో మొదలైన మిల్లెట్ మిషన్ కింద ఆదివాసీ రైతుల దగ్గర రాగులు కొని అక్కడి రేషన్‌లోనే ఇచ్చారు. తీర్మానం రాసేటప్పుడు ఎన్ని ఇళ్లు, నెలకు ఎన్ని కిలోలు, మీ మండలంలో ఎన్ని ఎకరాల్లో పండుతుందో అంకెలతో రాయండి. ఒక కాపీ కలెక్టరేట్‌కి, ఒకటి పౌర సరఫరాల ఆఫీసుకి ఇవ్వండి, పక్క ఊళ్ల సంఘాలతో కూడా అదే తీర్మానం చేయించి అన్నీ కలిపి ఇస్తే చదువుతారు.